రిస్టోర్ చేసిన పాత ఫియట్‌కి ఎంత ఇవ్వొచ్చు? ధర తేల్చుకునే పద్ధతి

"అన్నా, పద్మిని ఒకటి చూశా, ఫుల్ రిస్టోర్ చేశారంట (అంటే పాత బండిని బాగుచేసి మళ్లీ అసలు రూపానికి తెచ్చారంట), ఐదున్నర లక్షలు చెప్తున్నాడు, ఇవ్వొచ్చా?" ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతున్నారు. ఒక ఫోటో పంపిస్తారు, అందులో బండి తళతళా మెరుస్తూ ఉంటుంది, కింద ఒక అంకె, అంతే. ఫోటో చూసి ధర చెప్పడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. కానీ బండి దగ్గరికెళ్లి రెండు మూడు గంటలు ఓపిగ్గా చూస్తే మీ అంతట మీరే తేల్చుకోవచ్చు, అదెలాగో రాస్తున్నా. ఉదాహరణలన్నీ ఫియట్ 1100, ప్రీమియర్ పద్మినివే (ఒకే బండికి వేర్వేరు కాలాల్లో పెట్టిన పేర్లు) ఇస్తున్నా, ఎందుకంటే నేను పని చేయించిందీ ఎక్కువ చూసిందీ అవే. అంబాసిడర్‌కైనా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. అమ్మేవాళ్లు పెట్టిన ఖర్చు వేరు, బండి ధర వేరు. "లక్షా ఇరవైకి కొన్నా, నాలుగు లక్షల అరవై పెట్టా, ఐదు ఎనభై అయ్యింది, మీకోసం ఐదున్నరకి ఇస్తా" అని బిల్లుల కట్ట చూపిస్తారు, అబద్ధం కూడా కాకపోవచ్చు. కానీ పాత బండి మీద పెట్టిన ప్రతి రూపాయి తిరిగి రాదు. నా బండి మీద నేను పెట్టిందీ రాదు, అది నాకిష్టమై పెట్టుకున్న ఖర్చు. అలాంటి బండి అలాంటి కండిషన్‌లో బయట ఎంతకి చేతులు మారుతుందో అదే దాని ధర, బిల్లులు పని జరిగిందనడానికి సాక్ష్యం మాత్రమే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతం, ఒక పల్చటి గుడ్డ
- మంచి టార్చి, బండి కింద దూరడానికి పాత దుప్పటి
- తెల్ల కాగితం, పెన్సిల్ (ఛాసిస్ నంబర్, అంటే బండి మీద చెక్కిన గుర్తింపు నంబర్, దాని అచ్చు తీయడానికి)
- ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ (బండి నంబర్ కొడితే ఆర్సీ వివరాలు చూపించే ప్రభుత్వ యాప్)
- నోట్‌బుక్, ఎందుకంటే కనిపించిన ప్రతి లోపం రాయాలి, గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు
- ఫియట్ మీద చెయ్యి పడ్డ పాత మెకానిక్ ఒకాయన, ఆయన దగ్గర కంప్రెషన్ గేజ్ (ఇంజిన్ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే మీటరు) ఉంటే ఇంకా మంచిది. ఈ రోజుల్లో ఇలాంటివాళ్లు తక్కువే, కానీ పాత ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఒక పూట కూలి ఇచ్చి తీసుకెళ్లండి. ఈ మొత్తం పనిలో మీరు పెట్టే అతి మంచి ఖర్చు అదే.

పగలే వెళ్లండి. రాత్రి ట్యూబులైటు కింద, వాన పడి తడిసిన బండి, అప్పుడే పాలిష్ కొట్టిన బండి, ఈ మూడింటినీ చూసి ధర మాట్లాడొద్దు.

1. అది నిజంగా ఏ బండో తేల్చండి

ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు చేసిన ఈ బండికి పేర్లు మారాయి. 60ల్లో ఫియట్ 1100 డిలైట్, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని. అన్నిట్లో ఇంజిన్ 1089 సీసీ పెట్రోలే, చివర్లో 90ల్లో డీజిల్ 137డి కూడా వచ్చింది. సాధారణంగా పాతదానికి గిరాకీ ఎక్కువ, అందుకే 80ల్లో వచ్చిన పద్మినికి డిలైట్ గ్రిల్లూ బ్యాడ్జీలూ పెట్టి పాత బండిగా చూపించే వాళ్లున్నారు. గ్రిల్ చూసి నమ్మొద్దు, ఆర్సీలో తయారీ సంవత్సరం చూడండి, ఛాసిస్ నంబర్ చూడండి.

స్టీరింగ్ గేరా ఫ్లోర్ గేరా అన్నది కూడా రాసుకోండి. స్టీరింగ్ గేరు ఇష్టపడేవాళ్లు ఎక్కువ, కానీ దాన్ని పీకేసి ఫ్లోర్ గేర్ పెట్టించిన బండ్లూ ఉన్నాయి, ఆ మార్పు ధర తగ్గిస్తుంది, పెంచదు.

2. కాగితాలు, బండి కన్నా ముందు

చాలామంది బండి మీద మనసు పడ్డాక కాగితాలు అడుగుతారు, అప్పటికి కళ్లకి లోపాలు కనపడవు. ముందే అడగండి.

ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అచ్చు పడుతుంది. దాన్ని ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలు గానీ కొత్త వెల్డింగ్ గానీ ఉంటే అక్కడితో ఆపేయండి, ధర ఎంత తక్కువైనా సరే. ఇంజిన్ నంబర్ కూడా అంతే. ఒకప్పుడు మైలేజీ కోసం చాలా ఫియట్లకీ అంబాసిడర్లకీ వేరే డీజిల్ ఇంజిన్లు దించారు, ఆ మార్పు ఆర్సీలో ఎక్కించి ఉంటే సరే, లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అది మీ తలనొప్పి అవుతుంది.

ఆర్సీ గడువు చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్. 2025 ఆగస్టులో వచ్చిన రూల్ ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకి రెన్యూవల్ ఫీజే 10,000, దానికి గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పర్యావరణ పన్ను), ఆలస్యం జరిమానాలు అదనం. పాత పుస్తకం ఆర్సీ అయితే అది ఆన్‌లైన్‌లో ఎక్కిందో లేదో ఎంపరివాహన్‌లో నంబర్ కొట్టి చూడండి. కనపడకపోతే "ట్రాన్స్‌ఫర్ నేను చూసుకుంటా సార్" అన్న మాట మీద డబ్బులివ్వొద్దు, ముందు ఆన్‌లైన్ ఎక్కించమనండి, ఆ తర్వాతే బేరం.

వేరే రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ లెక్కలో వేసుకోండి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చిందని చెప్పే బండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ముంబై బండి అయితే ఒకప్పుడు ట్యాక్సీనా అని చూడండి, అక్కడ పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబర్ చివరిదాకా తిరిగాయి, ట్యాక్సీగా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి బయట రంగు ఎంత బాగున్నా లోపల అరుగుదల వేరేగా ఉంటుంది.

"వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది సార్, అందుకే ఈ రేటు" అంటే కంగారు పడొద్దు. 2021 రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ రిజిస్ట్రేషన్ మీద రోజూ తిప్పుకోడానికి లేదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ పెట్రోలుకీ రిపేరుకీ మాత్రమే. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని బయటికెళ్దాం అనుకునేవాళ్లకి మామూలు ఆర్సీనే మేలు, దాని రెన్యూవల్ సవ్యంగా ఉన్న బండికే నేను ఎక్కువ ఇస్తా.

3. అమ్ముడుపోయిన ధరలు పోగెయ్యండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఐదు ప్రకటనలు చూసి సగటు కట్టి "మార్కెట్ రేటు ఇదీ" అంటారు. ప్రకటనలో ఉన్నది అడిగే ధర. ఆరు నెలలుగా అదే ఫోటోతో అదే ప్రకటన కనపడుతుందంటే ఆ ధరకి ఎవరూ కొనలేదనే కదా అర్థం.

ఏం చెయ్యాలంటే, నెల రోజులు ప్రకటనల్ని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో పెట్టుకోండి. ధర తగ్గించినవి, మాయమైనవి గమనించండి. మాయమైన బండి అమ్మినాయనకి ఫోన్ చేసి "అన్నా, అమ్మేశారా, నేనూ అలాంటిదే చూస్తున్నా, చివరికి ఎంతకి పోయింది" అని మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు, అమ్మేశాక దాచాల్సిన పనేముంది. పాత బండ్ల క్లబ్బుల వాళ్లు ర్యాలీలకి వచ్చినప్పుడు అడగండి, పాత స్పేర్లు అమ్మే షాపు వాళ్లకీ ఊళ్లో ఏ బండి ఎంతకి పోయిందో తెలుస్తుంది.

మూడు నిజమైన అమ్మకాలు దొరికితే చాలు, ముప్పై ప్రకటనల కన్నా అదే నయం. ఒకటే మోడల్, దగ్గర దగ్గర సంవత్సరం, దగ్గర దగ్గర కండిషన్ ఉండాలి. మూడు దొరక్కపోతే అంబాసిడర్ అమ్మకాలు చూసి ఫియట్‌కి అంటగట్టొద్దు, ఇంకో నెల ఆగండి.

4. బాడీ: సగం ధర ఇక్కడే ఉంటుంది

ఫియట్‌కి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీనే ఛాసిస్. కాబట్టి కింద రేకు తుప్పు పడితే అది అందం సమస్య కాదు, బండి బలం సమస్య. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది, రిపేరూ అవుతుంది. కింద నేల రేకు, డోర్ల కింద గడపలా పొడుగ్గా ఉండే భాగం, వెనక కమాన్లు బిగించే చోటు, ముందు సస్పెన్షన్ బిగించే చోటు, ఇవి కుళ్లిపోతే మాత్రం మళ్లీ మొత్తం విప్పాల్సిందే.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి (రంగు గీసుకోకుండా) డోర్ల కింది భాగం, చక్రాల పైన వంపులు, డిక్కీ కింది అంచు, హెడ్‌లైట్ల చుట్టూ మెల్లగా జరపండి. ఒకచోట గట్టిగా పట్టుకుని పక్కనే జారిపోతుందంటే అక్కడ కింద మందంగా లప్పం ఉందని. కొంచెం లప్పం ఏ బండికైనా ఉంటుంది, తప్పు కాదు. అరచెయ్యంత చోట అసలు పట్టుకోకపోతే అక్కడ రేకు లేదనో, ఫైబర్ అతికించారనో అనుకోవాలి. రంగు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా తేలిక, 100 నుంచి 200 మైక్రాన్ల దాకా అంటే మంచి రేకు మీద మామూలు రంగు, 300 చుట్టుపక్కల అంటే మళ్లీ వేసిన రంగు, వెయ్యి దాటితే లప్పం.

తర్వాత మ్యాట్లు ఎత్తండి. ఎత్తనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. గోదావరి జిల్లాల్లో ఒకసారి ఒక బండి చూడ్డానికి వెళ్లా, ఆకుపచ్చ రంగు, బంపర్లో మొహం కనపడుతుంది, సీట్లు కొత్తవి, నాతో వచ్చినవాళ్లు అప్పటికే అడ్వాన్సు జేబులోంచి తీస్తున్నారు. డ్రైవర్ సీటు కింద మ్యాటు ఎత్తితే కొత్త నల్ల తారు పూత ఉంది, బొటనవేలితో నొక్కితే దిగిపోయింది. కింద రేకే లేదు, ఫైబర్ షీటు పెట్టి పైన తారు పూశారు. ఆ రోజు మాట్లాడకుండా తిరిగొచ్చాం, దారంతా నాకు బాధగానే ఉంది, అంత ముచ్చటైన బండిని అలా పైపైన కప్పెట్టి అమ్మడం. కొత్త తారు పూత కనపడితే అది రక్షణా, కప్పిపెట్టడమా అన్నది వేలితో, స్క్రూడ్రైవర్ వెనక పిడితో తట్టి తేల్చుకోండి. గట్టి రేకు ఠంగుమంటుంది, కుళ్లింది మెత్తగా మోగుతుంది.

డోర్లు వేసి సందులు చూడండి, పైనా కిందా ఒకేలా ఉండాలి. డోరు మీ చేతి బరువుకే దిగిపోతుంటే హింజిలు అరిగాయి, లేదా ఆ స్తంభమే బలహీనం అయ్యింది. బండిని జాకీతో ఒక పక్క ఎత్తినప్పుడు డోరు తెరవడానికి, వెయ్యడానికి బిగుసుకుపోతుంటే బాడీ వంగుతోందని, ఇది చాలా గట్టి గుర్తు.

హెచ్చరిక: బండి కిందకి దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్మొద్దు, స్టాండు గానీ కట్టె దిమ్మలు గానీ పెట్టాకే.

బంపర్లు, గ్రిల్, హబ్ క్యాపులు, స్టీరింగ్ మధ్య బటన్, మీటర్ల గ్లాసు, ఇవన్నీ అసలువా కొత్తగా చేయించినవా రాసుకోండి. చిన్న సామాన్లే అనిపిస్తాయి గానీ, లేని ఒక్కొక్కదానికోసం నెలలు తిరగాలి. అన్నీ అసలువి ఉన్న బండి, రంగు కొంచెం వెలిసినా సరే, నాకు కొత్త రంగు బండి కన్నా విలువైనది.

5. ఇంజిన్: చల్లగా ఉన్నప్పుడే

ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో ఆలోచించండి. స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నాయి. చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి లాగే పిడి) తీశాక నెమ్మదిగా, సమంగా ఆడాలి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో దగ్గర దగ్గరగా రావాలి, ఒకటి పది శాతం కన్నా తేడాగా ఉంటే ఇంజిన్ పని మీ లెక్కలోకి రాసుకోండి.

ఇప్పుడు కొత్తగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది, పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దానికి తట్టుకోవు, ఉబ్బి పగిలి కారుతాయి. పైపులన్నీ దానికి తగ్గవి మార్చారా, బిల్లు ఉందా అడగండి. ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు, వేడి ఇంజిన్ పక్కన పెట్రోల్ కారడం అంటే ప్రాణం మీదకే. పైపు తాకి చూడండి, జిగురుగా గానీ పగుళ్లుగా గానీ ఉంటే అది మార్చేదాకా దూరం నడపొద్దు.

6. రోడ్డు మీదకి తీసుకెళ్లండి

కనీసం పది కిలోమీటర్లు, అందులో ట్రాఫిక్ కూడా ఉండాలి. వీధి చివరిదాకా వెళ్లొస్తే ఏమీ తెలియదు. మన ఎండల్లో ఈ బండ్లకి పాత జబ్బు ఒకటుంది, పెట్రోల్ పంపు వేడెక్కి ఆవిరి పట్టి ఆగిపోవడం, అప్పట్లో పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లు గుర్తుందా. అందుకే బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయించండి. బ్రేకు కొట్టినప్పుడు ఒక పక్కకి లాగుతుందా, గేరు జారిపోతుందా, స్టీరింగ్ ఎంత ఖాళీ తిరుగుతుంది, ఇవి రాసుకోండి.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లు మార్చాల్సినవే.

7. బిల్లులు, ఫోటోలు

రంగు వెయ్యక ముందు రేకు బయటపడినప్పటి ఫోటోలు అడగండి. నిజంగా రిస్టోర్ చేసినవాళ్లు గర్వంగా చూపిస్తారు, ఫోనులో వందలు ఉంటాయి. ఒక్క ఫోటో కూడా లేదంటే అది రిస్టోర్ కాదు, రంగు మార్చిన బండి, ఆ లెక్కనే ధర కట్టండి. ఫోటోలో నేల రేకు కొత్తగా కత్తిరించి వెల్డింగ్ చేసినట్టు ఉందా, పాతదాని మీదే అతుకు వేశారా చూడండి.

8. ఇప్పుడు లెక్క

కింద అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి.

మీకు దొరికిన మూడు అమ్మకాలు 3,10,000, 3,50,000, 3,90,000 అనుకుందాం. మధ్యలోది 3,50,000. మీరు చూసిన బండి బాడీ గట్టిగా ఉంది, ఫోటోలున్నాయి, పాత మూడక్షరాల నంబరు ప్లేటు అలాగే ఉంది, అందుకని పైకి జరిపి 3,80,000 అనుకోండి. అన్నిటికన్నా పెద్ద అమ్మకం దాటి పోవద్దు, దాటాలంటే నోట్‌బుక్‌లో గట్టి కారణం రాసి ఉండాలి, "నచ్చింది" అన్నది కారణం కాదు.

ఇప్పుడు మిగిలిన పనులు తీసెయ్యండి. ఐదు టైర్లు 20,000, బంపర్ క్రోమ్ 15,000, సీటు పని 12,000, బ్రేకులు 10,000, ఆర్సీ రెన్యూవల్ 10,000. మొత్తం 67,000. 3,80,000 లోంచి తీస్తే 3,13,000. ఇది మీ పైహద్దు. ఐదున్నర చెప్పిన ఆయనకి మూడు పదమూడు చెప్పడం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ కాగితం మీద లెక్క చూపించి గౌరవంగా చెప్పండి, "మీ పనిని తక్కువ చెయ్యట్లేదు, నేను మళ్లీ పెట్టాల్సింది ఇదీ" అని. ఆయన ఒప్పుకోకపోతే చెయ్యి కలిపి వచ్చేయండి, నంబరు ఇచ్చి రండి. రెండు నెలల తర్వాత ఫోన్ వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

మీరే అమ్మేవాళ్లైతే ఇదే లెక్క మీ బండికి వేసుకుని, మిగిలిన పనుల్లో చవకవి (ఆర్సీ, టైర్లు, బ్రేకులు) మీరే చేయించి అప్పుడు ప్రకటన ఇవ్వండి. కొనేవాళ్లు పదివేల పనికి పాతికవేలు తగ్గిస్తారు, భయం వల్ల. బేరానికి పది శాతం దాకా పైన వేసుకోండి, అంతకన్నా వేస్తే ఫోనులే రావు.

9. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

మీ అంకె చెప్పకుండా మెకానిక్‌ని అడగండి, "మీరైతే ఎంత ఇస్తారు" అని. ఆయన అంకె మీదానికి పది శాతం లోపల ఉంటే సరే. బాగా తక్కువ చెప్తే ఎందుకో అడగండి, మీ కంటికి కనపడనిది ఏదో ఆయన చూశారు. ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగండి, ఐదేళ్లు దాటిన బండికి విలువ ఎంత అన్నది కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకునేదే, మీ ధరకి వాళ్లు అసలు ఒప్పుకోకపోతే ఆ తేడా మీరు మొయ్యాల్సిందే అని తెలిసి కొనండి.

ఇంకో పరీక్ష. రేపే అమ్మాల్సి వస్తే ఇదే ధరకి ఎవరైనా కొంటారా? మీ నోట్‌బుక్‌లోని మూడు అమ్మకాలు చూసి జవాబు చెప్పుకోండి, తడబడితే ధర ఎక్కువైందని.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు తెల్ల కాగితం మీదైనా సరే రాయించుకోండి: బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఒప్పుకున్న ధర, బండితో వచ్చే విడి సామాన్ల జాబితా, ఆర్సీ మీ పేరు మీదకి మారకపోతే అడ్వాన్సు వెనక్కి అని. విడి సామాన్లు ఆ రోజే ఫోటో తియ్యండి, డిక్కీలో కనపడ్డ పాత గ్రిల్లూ అసలు హబ్ క్యాపులూ డెలివరీ రోజుకి మాయమైన కథలు చాలానే విన్నా. మిగతా డబ్బు నగదుగా ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారా పంపండి, ఫారం 29, 30 (బండి పేరు మార్పిడి ఫారాలు) మీద ఆర్సీలో పేరున్న మనిషి సంతకం మీ కళ్ల ముందు పడ్డాకే.